మెట్టుకు మెట్టుకు నడుమ

రేడియో పెట్టె గల యింట రెండు విధముల సాధనములు అందరికిని పరిచితములే. ఒకటి స్విచ్చి. నొక్కిన వెంటనే పెట్టె పలుకును, మరల నొక్కిన మూగవోవును. ఈ రెండు స్థితులు తప్ప దానికి మూడవది తెలియదు. రెండవది గుండ్రని నాబు. మెల్లగా త్రిప్పినకొలది ధ్వని మెల్లగా హెచ్చును. చేయి ఆగినచోట ఆగును. కొంచెము వెనుకకు త్రిప్పిన కొంచెము తగ్గును. సంగారెడ్డి జిల్లాలో కాజీపల్లి, బొల్లారము, పటాన్‌చెరు కర్మాగారములలో పనిచేయు శ్రోతలకు ఈ భేదమును మేము విడమరచి చెప్పనక్కరలేదు. మోటారును కదలించు స్విచ్చి వేరు, ఆవిరిని కొలతకు తగినట్లు విడుచు వాల్వు వేరు. స్విచ్చికి ఒక్క వ్రేలు చాలును. వాల్వు కడ చేయి, కన్ను, చెవి మూడును మెలకువతో నుండవలెను.

వాద్యములలోను ఈ రెండు జాతులు కలవు. హార్మోనియము, పియానో మొదలగు మెట్ల వాద్యములు స్విచ్చి జాతివి. మెట్టు నొక్కిన స్వరము పలుకును, విడిచిన నిలిచిపోవును. వీణ, వయొలిన్, వేణువు, నాగస్వరము వాల్వు జాతివి. అందు స్వరము పుట్టినది మొదలు అణగువరకు వాదకుని చేతిలోనో ఊపిరిలోనో ఉండును. నేడు సినిమా పాటలలోను, పెండ్లి పందిళ్లలోను, భజన మందిరములలోను వినవచ్చు సింథసైజర్ అను విద్యుద్వాద్యము పుట్టుకచే మొదటి జాతిది. కాని అది రెండవ జాతి గుణమును సంపాదించుకొన్నది. ఎట్లు సంపాదించుకొన్నదో చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము. ఈ చరిత్రలో మన రేడియోకు కూడ ఒక పాత్ర కలదు.

మన సంగీతమున స్వరము ఒకచోట పాతిన రాయి కాదు. తోడి రాగములోని గాంధారమును తీసికొందము. స్వరస్థానముల లెక్కలో అది సాధారణ గాంధారము. షడ్జము నుండి మూడవ మెట్టు. కాని ఆ మెట్టును కదలక పట్టియుంచిన తోడి వినిపింపదు. గాయకుని కంఠమున ఆ గాంధారము క్రింది రిషభము వైపునకును, పై మధ్యమము వైపునకును ఊగుచుండును. ఆ ఊపులోనే తోడి యున్నది. ఒక స్వరము నుండి మరియొక దానికి నడుమ తెగకుండ జారుట, స్వరమును కంపింపజేయుట, ఒకే స్వరమును రెండవమారు క్రింది స్వరపు తాకిడితో పలికించుట, ఇట్టివాని నన్నిటిని గమకములందుము.

ఈ గమకములను కాగితముపై నిలుపుటకు జరిగిన గొప్ప ప్రయత్నము తెలుగు లిపిలోనే జరిగినది. 1904లో ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులవారు ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు గ్రంథము. కంపితము, స్ఫురితము, ప్రత్యాఘాతము, నొక్కు, జారు మొదలగు గమకములకు అందు వేరు వేరు గుర్తులు ఏర్పరచి స్వరాక్షరములతో పాటు ముద్రించినారు. స్వరము పేరు వ్రాసినంత మాత్రమున సంగీతము వ్రాసినట్లు కాదనియు, ఆ స్వరము ఎట్లు కదలవలెనో కూడ చెప్పవలెననియు ఆ గుర్తులు చాటుచున్నవి. తరువాతి కాలమున విదేశములలో సింథసైజర్ నిర్మాతలను వేధించిన ప్రశ్నయు దాదాపు ఇదియే.

పాశ్చాత్య వాద్యమన్నంతనే మనవారు త్రోసిపుచ్చలేదు. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను మన సంగీతమునకు అలవరచినారు. విజయనగరమున ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో ఆ వాద్యము ఎంత తెలుగుదైనదో పెద్దలు ఎరుగుదురు. దానికి మెట్లు లేవు; తీగపై వ్రేలు స్వేచ్ఛగా జారును. వీణకు 24 మెట్లు ఉన్నను, తీగను మెట్టుపై ప్రక్కకు లాగిన స్వరము పైకి వంగును. ఈమని శంకరశాస్త్రిగారి వంటి వైణికులు ఒకే మెట్టుపై తీగను లాగి పలు స్వరములను పలికించిరి. అనగా మెట్టు ఉండుట దోషము కాదు. మెట్టును దాటుటకు చేతికి దారి లేకుండుటయే దోషము.

ఇక హార్మోనియము సంగతి. ఫ్రాన్సు దేశమున 1840ల ప్రాంతమున అలెగ్జాండర్ డెబాయిన్ రూపొందించిన వాద్యము మన దేశమునకు వచ్చి, 19వ శతాబ్ది చివరి పాదమున కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ వంటివారి చేతిలో నేలపై కూర్చుండి ఒక చేతితో తిత్తిని నొక్కుచు, మరియొక చేతితో వాయింపదగిన చిన్న పెట్టెగా మారినది. తెలుగు నాటక రంగము దానిని అక్కున చేర్చుకొన్నది. పద్యనాటకమున రాగమెత్తు నటునికి శ్రుతి నందించి, పద్యము చివర సాగదీయు ఆలాపనకు అండగా నిలిచినది హార్మోనియమే. ఊరూర తిరుగు సమాజములకు దానియంత అనువైన వాద్యము వేరొకటి లేదు. మోయుటకు తేలిక, పలుకుట బిగ్గర, శ్రుతి చేయు పని లేదు.

శ్రుతి చేయు పని లేకుండుటయే దాని గుణము, దానిపై వచ్చిన అభియోగము కూడ. దాని స్వరములు కర్మాగారమున నిర్ణయింపబడి వచ్చును. అష్టకమును 12 సమాన భాగములుగా విభజించు ఆ కొలత మన రాగముల సూక్ష్మ శ్రుతులకు సరిపడదనిరి. స్వరము నుండి స్వరమునకు జారు లేదు, కంపితము లేదు. 1938లో జాన్ ఫౌల్డ్స్ అను సంగీతవేత్త ఆకాశవాణి వారి ఆంగ్ల కార్యక్రమ పత్రిక ఇండియన్ లిజనర్‌లో దానిని తీవ్రముగా విమర్శించినాడు. రవీంద్రనాథ ఠాకూరు 1940 ఆరంభమున కలకత్తా కేంద్రమునకు లేఖ వ్రాసి, ఆ వాద్యమును స్టూడియోల నుండి తొలగింపుమని కోరెను. 1940 మార్చి 1వ తేదీ నుండి ఆకాశవాణిలో హార్మోనియము నిషిద్ధమైనది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ఆరంభమైనప్పుడు గాని, 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు దక్కన్ రేడియో ఆకాశవాణిలో చేరినప్పుడు గాని ఈ నియమము అమలులోనే యుండెను. 1971లో అది కొంత సడలింపబడినది. అనగా 31 సంవత్సరముల కాలము ఒక వాద్యము స్టూడియో గడప వెలుపల నిలిచినది.

ఈ నిర్ణయమున న్యాయాన్యాయములు రెండును కలిసియున్నవి. గమకమును కాపాడవలెనను తపన సత్యమైనది. కాని వేలాది జనులు రాత్రులు మేలుకొని విన్న నాటక సంగీతమునకు ప్రాణమైన హార్మోనిస్టుకు, అనాటి అతి పెద్ద వేదికపై చోటు లేకపోయినది. చేతిలో విద్య ఉన్నను చేతిలోని వాద్యమును బట్టి మనిషి వెలుపల నిలిచినాడు. ఆ చర్చలో ఎక్కువగా వినవచ్చిన మాట ఈ వాద్యము ఉండవలెనా, కూడదా అనునది. మెట్ల వాద్యమునకు గమకమును నేర్పుట ఎట్లు అను ప్రశ్నను ఆ కాలముననే కొందరు వేరు దేశములలో చేతబట్టి కూర్చుండిరి.

వారిలో ఒకడు రేడియో మనిషి. ఫ్రాన్సు దేశస్థుడు మారిస్ మార్తెనో మొదటి ప్రపంచ యుద్ధమున రేడియో తంతి పనివాడు. సెల్లో వాదకుడు కూడ. పాత వాల్వు రేడియోలో స్టేషను వెదకునప్పుడు ఈలవంటి ధ్వని పైకి క్రిందికి జారుట పెద్దవారికి జ్ఞాపకముండును. ఆ జారుడు ధ్వనిని చేతికి లోబరచిన వాద్యమగునని అతడు తలచెను. 1928లో పారిస్ నగరమున తన ఓండ్ మార్తెనో వాద్యమును సభలో వినిపించెను. దానికి మెట్లు కలవు. మెట్లను ప్రక్కలకు కదిపిన స్వరము కంపించును. మెట్ల ముందు ఒక పట్టీ కలదు. వ్రేలికి తొడిగిన ఉంగరముతో ఆ పట్టీపై జరిపిన స్వరము జారును. ఎడమచేతి క్రింది బొత్తామును ఎంత నొక్కిన అంత ధ్వని. హార్మోనియమును వలదన్న ఠాకూరే ఈ వాద్యముపై ఆసక్తి చూపెను. 1930ల చివర ఠాకూరు, అలె డానియెలూల ఆలోచనతో హిందూస్థానీ సంగీతపు సూక్ష్మ శ్రుతులకు తగిన మార్తెనో వాద్యము తయారైనది. కనుక మహాకవికి మెట్లపై పగ లేదు. కదలని స్వరముపైననే అసంతృప్తి.

రెండవ ప్రపంచ యుద్ధము ముగియు వేళ కెనడాలో హ్యూ లకేన్ అను శాస్త్రజ్ఞుడు మరియొక అడుగు ముందుకు వేసినాడు. 1945 నుండి 1948 వరకు అతడు నిర్మించిన ఎలక్ట్రానిక్ సాక్‌బట్ వాద్యమున కుడిచేతి వ్రేలు మెట్టును క్రిందికి ఒత్తినకొలది ధ్వని హెచ్చును, ప్రక్కకు నెట్టినకొలది శ్రుతి మారును. ఎడమచేతి వ్రేళ్లు ధ్వని స్వభావమును, అనగా అది వేణువు వలె మృదువుగా నుండవలెనా, నాగస్వరము వలె గట్టిగా నుండవలెనా అనుదానిని మార్చును. ఒక స్వరము పలుకుచుండగనే దానిని తీర్చిదిద్దుట యను భావము అక్కడ పూర్ణరూపము దాల్చినది.

మన దేశమున విద్యుత్ మెట్ల వాద్యము జనుల చెవిని దోచినది 1954 నాటి నాగిన్ హిందీ చిత్రముతో. అందలి పాముబూర నిజమైన బూర కాదు. ఫ్రాన్సులో 1947లో పుట్టిన క్లేవియోలిన్ అను చిన్న విద్యుద్వాద్యముపై కల్యాణ్‌జీ వాయించిన స్వరమది. దానికి మోకాలితో కదుపు తులా దండమొకటి కలదు. దానితో ధ్వనిని హెచ్చించి తగ్గింపవచ్చును. చేతులు మెట్లపై నుండగా మోకాలు ఊపిరి పని చేసినది. ఆ పాట విని పాములవాడే వచ్చినాడనుకొన్న పల్లెటూరి ప్రేక్షకునికి మెట్లు, తీగలు, విద్యుత్తు అను విచారమే లేదు. స్వరము కదలినది, అతని మనస్సు కదలినది.

అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో తన సింథసైజర్‌ను వెలువరించెను. అది అలమారా వంటిది. తీగలు గ్రుచ్చి గ్రుచ్చి ధ్వనిని కూర్పవలెను. 1970లో వచ్చిన మినీమూగ్ ఒక మనిషి మోసికొనిపోదగిన పెట్టె. దాని మెట్లకు ఎడమప్రక్క రెండు చక్రములు అమర్చిరి. మొదటిది పిచ్ చక్రము. ముందుకు త్రిప్పిన శ్రుతి పైకి వంగును, వెనుకకు త్రిప్పిన క్రిందికి వంగును. ఇది మన జారు. రెండవది మాడ్యులేషన్ చక్రము. త్రిప్పినకొలది స్వరమున కంపము హెచ్చును. ఇది కంపితమునకు దగ్గరి చుట్టము. కుడిచేయి స్వరమును ఎన్నుకొనును, ఎడమచేయి దానికి ప్రాణము పోయును. నేటికిని కీబోర్డులపై కానవచ్చు చక్రముల జోడు ఆనాటిదే. మహావిష్ణు ఆర్కెస్ట్రాలో యాన్ హామర్ ఈ చక్రముతో స్వరములను గిటారు తీగవలె వంచి వాయించి పేరొందెను.

తరువాత యమహావారి సీఎస్-80 వచ్చినది. సుమారు 100 కిలోల బరువు గల ఆ వాద్యమున ప్రతి మెట్టును విడివిడిగా గుర్తించు ఏర్పాటు ఉండెను. నొక్కి పట్టిన మెట్టును ఇంకను ఒత్తిన, ఆ ఒక్క స్వరము మాత్రమే బలపడుటయో, కంపించుటయో జరుగును. మెట్టు నొక్కిన తరువాత కూడ వ్రేలికి పని ఉన్నదని ఆ వాద్యము నేర్పినది. స్విచ్చి వాల్వుగా మారినది అక్కడనే.

అయితే ఒక సంస్థ వాద్యము మాట మరియొక సంస్థ వాద్యమునకు తెలియదు. 1983 జనవరిలో అమెరికాలో రెండు వేరు సంస్థల వాద్యములను ఒక తీగతో కలిపి, ఒకదానిని వాయింపగా రెండవది పలుకుట చూపిరి. ఆ ఉమ్మడి భాషకు మిడి అని పేరు. అందు స్వరము ధ్వనిగా ప్రయాణింపదు, ఆజ్ఞగా ప్రయాణించును. ఏ మెట్టు, ఎంత వేగముగా నొక్కబడినది, చక్రము ఎంత త్రిప్పబడినది అనునవన్నియు అంకెలుగా పోవును. ఒక ఆజ్ఞ చేరుటకు సెకనులో వేయవ భాగము చాలును. మాడ్యులేషన్ చక్రపు స్థానమును సాధారణముగా 0 నుండి 127 వరకు గల అంకెలతో తెలుపుదురు. శ్రుతిని వంచుటకు మాత్రము 16,384 మెట్లు కేటాయించిరి. చెవి శ్రుతి విషయమున ఎంత సూక్ష్మగ్రాహియో ఆ భాషను రచించినవారికి తెలియును.

ఈ అంకెలను మన తోడి గాంధారముతో సరిచూతము. సాధారణముగా పిచ్ చక్రమును పూర్తిగా త్రిప్పిన స్వరము రెండు అర్ధస్వరముల దూరము పైకి, రెండు క్రిందికి వంగును. సాధారణ గాంధారమునకు రెండు క్రింద శుద్ధ రిషభము, రెండు పైన శుద్ధ మధ్యమము. అనగా తోడి గాంధారమునకు కావలసిన ఊపు సరిగా ఆ చక్రము పరిధిలోనే యున్నది. కాని పంచమము నుండి తార షడ్జమునకు జారుటకు అయిదు అర్ధస్వరములు కావలెను. అందుకు పరిధిని పెంపవలెను. అక్కడ ఒక చిక్కు కలదు. అర్ధస్వరమును 100 సెంట్లుగా లెక్కింతురు. చవుక కీబోర్డు చక్రము నిజముగా 128 స్థానములనే గుర్తించుననుకొందము. రెండేసి అర్ధస్వరముల పరిధిలో ఒక్కొక్క స్థానమునకు మూడు సెంట్లకు కొంచెము ఎక్కువ. చెవి దానిని పట్టలేదు. పరిధిని అష్టకము వరకు పెంచిన ఒక్కొక్క స్థానము దాదాపు 19 సెంట్లగును. అప్పుడు జారు జారువలె గాక, మెట్లు దిగినట్లు వినిపించును. జారుబండకు మారుగా మెట్లదారి వేసినట్లు.

రెండవ చిక్కు ఇంకను పెద్దది. పిచ్ చక్రము ఆ మార్గమున పలుకుచున్న స్వరముల నన్నిటిని ఒకేసారి వంచును. క్రింద షడ్జమును శ్రుతిగా పట్టియుంచి, పైన గాంధారమును ఊపినచో షడ్జము కూడ ఊగును. తంబురాయే ఊగిన గాయకుడెక్కడ నిలుచును? అందుచే వాదకులు శ్రుతిని వేరు మార్గమున పెట్టుకొనవలసి వచ్చెను. ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క మార్గమునిచ్చి, దేనిని దానిని విడిగా వంచు పద్ధతిని 2018లో మిడి భాషలో చేర్చిరి. 2020లో వచ్చిన మిడి రెండవ రూపమున ఒక్కొక్క స్వరమును వేరుగా వంచుట భాషలోనే అంతర్భాగమైనది. మెట్లే లేని మెత్తని పట్టీవంటి కంటిన్యుమ్ వాద్యమును ఏ.ఆర్. రహ్మాన్ 2009 నాటి ఢిల్లీ-6 చిత్రములో వినిపించినారు. ఆయన యౌవనమున తెలుగు సంగీత దర్శకులు రాజ్-కోటిల కడ కీబోర్డు వాయించినవారే.

సాధనము కుదిరినది. మరి సంగీతము కుదిరినట్లేనా? ఇందుకు పాలకొల్లు సమాధానము చెప్పును. 1969లో అక్కడ జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ చేపట్టినప్పుడు, గమకమునకు ఆ వాద్యము పనికిరాదనిన వారున్నారు. ఆయన జంట తీగలను వదలి, విద్యుత్ మాండొలిన్‌పై అయిదు ఒంటి తీగలను అమర్చుకొని, తీగను లాగుటకు దారి చేసికొన్నారు. అంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండొలిన్ వాదకులు కారు. గురువు పాడెడివారు, శిష్యుడు ఆ పాటను తీగపై వెదకి పట్టెడివాడు. చేయి కంఠమును వెంబడించినది. వాద్యము తన పరిమితిని చెప్పక ముందే పాట తన కోరికను చెప్పినది.

కీబోర్డు కడ నేడు జరుగవలసినది ఇదియే. పాడుట రాని చేయి చక్రమును త్రిప్పిన, అది ఊరక ఊగును. అన్ని స్వరములను ఒకే విధముగా వణికించుట గమకము కాదు, చలిజ్వరము. ఏ స్వరము ఊగవలెను, ఏది నిలువవలెను, ఎంత వేగమున, ఎంత దూరము అనునది రాగమును బట్టి ఉండును. ఆ వివేకము 16,384 మెట్లలో ఏ మెట్టునను లేదు. వాద్యము దారి ఇచ్చినది, నడక ఇయ్యలేదు.

ఈ మాటను ఇప్పుడు గట్టిగా చెప్పవలసిన కారణమున్నది. నేటి కీబోర్డులలో నాగస్వరము, వేణువు, వీణ మొదలగు వాద్యముల ధ్వనులను రికార్డు చేసి నింపుచున్నారు. గమకముతో సహా ఒక చరణపు ముక్కను ఒక్క మెట్టుతో పలికించుటకు వీలగుచున్నది. అది తిరిగి స్విచ్చి. నొక్కిన వచ్చును, విడిచిన పోవును; ఎన్నిమార్లు నొక్కినను ఒకే గమకము. 1940లో హార్మోనియమును కాదన్నవారు దేనిని శంకించిరో, అది ఈ రూపమున అందముగా ముస్తాబై తిరిగి వచ్చుచున్నది. పెండ్లి పందిరిలో నాగస్వర విద్వాంసుని స్థానమున ఆ మెట్టును కూర్చుండబెట్టిన, ఒక కుటుంబపు జీవనము పోవుటయే కాక, ఆ గమకమును తరువాతి తరమునకు చెప్పువారును పోవుదురు. రికార్డు చేయుటకైనను మొదట ఒకరు వాయింపవలెను కదా.

అట్లని నిషేధమును మరల కోరుట మా అభిమతము కాదు. వాద్యమును వెలివేసిన విద్య నిలువదనియు, వాద్యమునకు దారి కల్పించిన విద్య విస్తరించుననియు పై చరిత్ర చెప్పుచున్నది. పారిశ్రామిక వాడల యందలి కాలనీలలో పిల్లలకు కీబోర్డు కొనిపెట్టు తల్లిదండ్రులకు మేము రెండు మాటలు చెప్పుదుము. ఎన్ని వందల ధ్వనులున్నవని లెక్కింపక, ఎడమప్రక్క చక్రమున్నదా, మెట్టు ఒత్తిడిని గుర్తించునా అని చూడుడు. పిల్లవానికి మెట్టు చూపుటకు ముందు ఆ స్వరమును పాడించుడు. పాడిన దానిని చేతితో వెదకనిండు. అట్లు వెదకు పిల్లవాడు సుబ్బరామ దీక్షితులవారి గుర్తులను ఎన్నడు చూడకపోయినను, వాటి అర్థమును వ్రేళ్లతో చదువుకొనును.

శ్రోతలు కూడ ఒక పని చేయవచ్చును. లలిత సంగీత కార్యక్రమమున కీబోర్డు వినిపించినప్పుడు స్వరము ఎట్లు మొదలైనది, నడుమ కదలినదా, చివర ఎట్లు అణగినది అని గమనింపుడు. మెట్టు నొక్కిన క్షణము యంత్రముది. ఆ తరువాత స్వరము విడిచిపెట్టువరకు గల కాలము మనిషిది. ఆ కాలమును వాదకుడు ఖాళీగా విడిచినాడా, నింపినాడా అనునది మీ చెవికి ఇట్టే తెలియును. వాద్యమునకు తీర్పు చెప్పుటకంటె వాదకునికి తీర్పు చెప్పుట న్యాయము. అది శ్రోత చేతిలోని అధికారము.